కాకటీల్ (తలపై కుచ్చున్న చిన్న చిలుక) పిల్లకు చేతిమేత మొదలుపెట్టే ముందు

మొదటిసారైతే రెండు వారాలైనా నిండకుండా పిల్లను గూటిలోంచి తీయొద్దు.

- గ్రాముల తూకం, థర్మామీటర్ దగ్గర పెట్టుకోండి. వేలు ముంచి వేడి చూడటం లెక్కలోకి రాదు.
- మేత 39–41 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 43 దాటితే మెడ కింద మేతసంచి లోపల కాలుతుంది. కొన్నాళ్లకు అక్కడ చర్మానికి చిల్లుపడి, తిన్నది ఈకల మీదికి కారుతుంది. చల్లారితే అరగక పులుస్తుంది. మైక్రోవేవ్‌లో అసలొద్దు, పైన గోరువెచ్చగా ఉన్నా మధ్యలో మరుగుతుంటుంది.
- పూటకు పిల్ల బరువులో పదోవంతు: 60 గ్రాములకు 6 మిల్లీలీటర్లు. పొద్దున సంచి ఖాళీ అయ్యాకే తొలి మేత.
- నెల్లూరు, ఒంగోలు మే ఎండల్లో ఈకలొచ్చిన పిల్లకు వెచ్చదనం కోసం బల్బు దండగ. నోరు తెరిచి రొప్పుతుంటే వెంటనే ఆర్పేయండి.
- పిల్లను ఉంచిన పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. ఎర్రచీమలు ఒక్క రాత్రిలో పిల్లను పీక్కుతింటాయి.