ఈబీ-5 పెట్టుబడి వీసా: దరఖాస్తుకు ముందు సలహాదారులను ఎంచుకునే విధానం

హెచ్-1బీ మీద ఏళ్ల తరబడి అమెరికాలో పనిచేస్తూ, ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు వచ్చే ఈబీ-2, ఈబీ-3 వరుసలో తమ వంతు ఎప్పుడొస్తుందో తెలియక ఎదురుచూస్తున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలకు 21 ఏళ్లు దగ్గరపడే కొద్దీ, ఆ వయసు దాటితే తమ దరఖాస్తులో వాళ్లు ఉండరేమోనని, ఆ టెన్షన్ ఇంకా పెరుగుతుంది. ఊళ్లో పొలమో, హైదరాబాద్‌లో ప్లాటో అమ్మి పెట్టుబడి దారిలో గ్రీన్ కార్డు తెచ్చుకుందామన్న ఆలోచన అలాంటప్పుడే వస్తుంది. ఆ దారి పేరే ఈబీ-5. 1990లో వచ్చిన చట్టం దీన్ని మొదలుపెట్టింది. 2022 మార్చి 15న సంతకమైన సంస్కరణ చట్టం నిబంధనలను బాగా మార్చింది.

మామూలుగా పెట్టాల్సిన పెట్టుబడి 10,50,000 డాలర్లు. గ్రామీణ ప్రాంతంలోనో, నిరుద్యోగం ఎక్కువున్న ప్రాంతంలోనో, ప్రభుత్వ మౌలిక వసతుల ప్రాజెక్టులోనో అయితే 8,00,000 డాలర్లు చాలు. 2027 జనవరి 1 నుంచి ధరల పెరుగుదలను బట్టి ఈ మొత్తాలు మారాలని చట్టంలోనే రాసి ఉంది. ఒక్కో పెట్టుబడికి కనీసం 10 పూర్తికాలపు ఉద్యోగాలు రావాలి. ఎక్కువమంది సొంతంగా వ్యాపారం పెట్టరు, రీజినల్ సెంటర్ అనే సంస్థ ద్వారా ఒక ప్రాజెక్టులో డబ్బు పెడతారు.

దరఖాస్తు ఫారాలు ఎవరైనా చదివి అర్థం చేసుకోవచ్చు. అసలు కష్టం మనుషుల దగ్గర ఉంది. మన వాళ్లలో చాలామంది ముందు ఏజెంటును కలుస్తారు. ఆయనే ప్రాజెక్టు చూపిస్తాడు, ఆయనే లాయర్ని ఇస్తాడు, కొన్నిసార్లు సీఏను కూడా ఆయనే పంపిస్తాడు. ఇంత పెద్ద మొత్తం పెట్టేవాళ్లు ఈ వరుసను పూర్తిగా తలకిందులు చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. మొదట ఇమిగ్రేషన్ లాయర్, తర్వాత ఇండియాలో సీఏ, ఆపైన ప్రాజెక్టు లెక్కలు చూసే మనిషి. ప్రాజెక్టు ఎంపిక వీళ్లందరి తర్వాతే. ఈ ముగ్గురూ ఒకరికొకరు సంబంధం లేనివాళ్లై ఉండాలి, ముగ్గురికీ ఫీజు మీ జేబులోంచే వెళ్లాలి.

లాయర్

అమెరికా ఇమిగ్రేషన్ చట్టం ఫెడరల్ చట్టం కాబట్టి ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరైనా మీ కేసు తీసుకోవచ్చు. డల్లాస్‌లో ఉన్న మీకు న్యూజెర్సీ లాయర్ ఉండటంలో తప్పేమీ లేదు. ఆయన పేరును ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైటులో వెతికి చూడండి. లైసెన్సు అమల్లో ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్నది అక్కడే కనిపిస్తుంది. ఇండియాలో ఉండే కన్సల్టెంటు, ఎంత అనుభవం ఉందని చెప్పినా, ఈ దరఖాస్తులు పరిశీలించే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ ముందు మీ తరఫున నిలబడలేడు. మీ తరఫు లాయర్ జీ-28 అనే ఫారం దాఖలు చేస్తారు. దానిమీద ఎవరి పేరుందో చూసుకోండి. మీతో ఫోన్లో మాట్లాడే మనిషి ఒకరు, జీ-28 మీద సంతకం చేసేది ఇంకొకరు అయితే, ఆ రెండో మనిషితో ఒక్కసారైనా నేరుగా మాట్లాడకుండా ఒప్పందం చేసుకోవద్దు.

మొదటి సమావేశంలో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇండియాలో భూమి అమ్మిన డబ్బుతో పెట్టిన కేసులు ఇంతకుముందు చేశారా? ఫీజులో ఏమేమి వస్తాయి? యూఎస్‌సీఐఎస్ అదనపు ఆధారాలు అడిగితే, ఆ జవాబుకు మళ్లీ డబ్బు తీసుకుంటారా? గ్రీన్ కార్డు మీది షరతులు తీసేయమని చివర్లో వేసే ఐ-829 ఫారం ఇందులో ఉందా, విడిగానా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఏదైనా ప్రాజెక్టు నుంచో రీజినల్ సెంటర్ నుంచో మీకు డబ్బు వస్తుందా? జవాబు కాగితం మీద తీసుకోండి. 2015 డిసెంబరులో అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ కొందరు ఇమిగ్రేషన్ లాయర్లపై చర్యలు తీసుకుంది. బ్రోకర్లుగా నమోదు కాకుండానే వాళ్లు ఈబీ-5 పెట్టుబడులు అమ్మారన్నది ఆరోపణ. ప్రాజెక్టు నుంచి కమిషన్ అందుకునే లాయర్, ఆ ప్రాజెక్టులో లోపముంటే మీకు గట్టిగా చెప్పడం కష్టం. రీజినల్ సెంటర్ తమ లాయర్ని ఉచితంగా ఇస్తామన్నా వద్దనండి. ఆయన వాళ్ల లాయర్, మీ లాయర్ కాదు.

సీఏ, బ్యాంకు, భూమి కాగితాలు

ఈబీ-5లో పెట్టే ప్రతి డాలరూ చట్టబద్ధంగా వచ్చిందని నిరూపించాలి. తెలుగు కుటుంబాలకు ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే. మన దగ్గర భూమి అమ్మకాల్లో రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతులు మారిన మొత్తం ఇంకొకటి కావడం మామూలే. సేల్ డీడ్‌లో 80 లక్షలు ఉండి, మిగతాది నగదుగా వచ్చి ఉంటే, ఆ నగదును ఏ లాయరూ యూఎస్‌సీఐఎస్‌కు చూపించలేరు. ఆస్తి లావాదేవీల్లో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం మన ఆదాయపు పన్ను చట్టం ప్రకారమే తప్పు. కాబట్టి ఈబీ-5 ఆలోచన ఉంటే, అమ్మకానికి ముందే సీఏతో కూర్చోండి. మొత్తం ధర డీడ్‌లో రాయించి, మొత్తం బ్యాంకు ద్వారా తీసుకోండి. స్టాంపు డ్యూటీ పెరుగుతుందని కొనేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంకొకరిని వెతకడమే మంచిది.

పల్లెలో వ్యవసాయ భూమి అయితే మరో చిక్కు. ఆదాయపు పన్ను చట్టంలో గ్రామీణ వ్యవసాయ భూమి మూలధన ఆస్తి కింద రాదు, అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. కోటి రూపాయల పైన వచ్చిన డబ్బు మీద పన్ను కట్టినట్టు లేకపోతే అమెరికాలో కూర్చున్న అధికారికి అనుమానం రావడం సహజం. భూమి మునిసిపాలిటీకి ఎంత దూరంలో ఉంది, ఆ మునిసిపాలిటీ జనాభా ఎంత, ఏ నిబంధన కింద పన్ను లేదు అన్నది సీఏ ఒక లేఖలో విడమరిచి రాయాలి. జనాభాను బట్టి ఆ దూరం 2, 6, 8 కిలోమీటర్లుగా మారుతుంది. ఇది తెలియని సీఏ అయితే మారిపోండి. పట్టాదారు పాస్ పుస్తకం, పహాణీ, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత లింకు డాక్యుమెంట్లు అన్నీ ముందే తీసి పెట్టుకోవాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. 2022 చట్టం ఏడేళ్ల పన్ను రిటర్నులు కూడా అడుగుతుంది. తల్లిదండ్రులు బహుమతిగా ఇస్తే, వాళ్ల డబ్బు ఎక్కడిదన్నది కూడా అలాగే చూపించాలి.

డబ్బు దేశం దాటించడంలో ఆర్బీఐ నిబంధన ఉంది. విదేశాలకు డబ్బు పంపేందుకు ఉన్న ఎల్ఆర్ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) కింద ఇండియాలో నివసించే ఒక్కో వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకే పంపగలరు. కొడుకు అమెరికాలో ఉండి, అమ్మానాన్న ఇద్దరూ మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి బహుమతిగా పంపితే 10 లక్షల డాలర్ల దాకా చేరుతుంది. ఇండియాలోనే ఉండి దరఖాస్తు చేసే వాళ్లకు లెక్క వేరు. కుటుంబ సభ్యుల పరిమితులు కలిపి పంపించేయవచ్చని కొందరు ఏజెంట్లు సులువుగా చెప్పేస్తారు. పెట్టుబడిలో సహ యజమాని కాని కుటుంబ సభ్యుడి పరిమితిని అలా కలపకూడదని ఆర్బీఐ వివరణ స్పష్టంగా చెబుతోంది. ఎల్ఆర్ఎస్ కింద పెట్టుబడులకు బ్యాంకులు అప్పు కూడా ఇవ్వకూడదు. సలహాదారుకు విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా తెలుసో లేదో ఈ రెండు విషయాలు అడిగితే తేలిపోతుంది.

విదేశాలకు పంపే డబ్బుపై బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను, అంటే టీసీఎస్ సంగతి ముందే లెక్కలో పెట్టుకోండి. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం వసూలు చేస్తుంది. 2 కోట్లు పంపితే 38 లక్షలు అదనంగా చేతిలో ఉండాలి. అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, లేదా రీఫండ్ వస్తుంది. అప్పటిదాకా మాత్రం డబ్బు ఆగిపోతుంది. ఎన్నారైల సొంత ఆస్తి అమ్మిన డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో (ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్నారైలు తెరిచే రూపాయల ఖాతా) ఉంటే, ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు బయటకు తీసుకెళ్లొచ్చు.

ఏజెంటు

హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో హోటల్ హాల్లో సెమినార్ పెట్టి, చివర్లో బ్రోచర్ చేతిలో పెట్టే మనిషి సాధారణంగా ప్రాజెక్టు నుంచి కమిషన్ తీసుకుంటాడు. అందులో నేరమేమీ లేదు, దాచడమే తప్పు. 2022 చట్టం ప్రకారం అలాంటి ప్రతి ప్రమోటరూ, విదేశాల్లో ఉన్న మైగ్రేషన్ ఏజెంటు సహా, ఐ-956కె ఫారంతో యూఎస్‌సీఐఎస్ దగ్గర నమోదు కావాలి. ఆ నమోదు నోటీసు కాపీ అడగండి. ఇవ్వకపోతే అక్కడితో ఆపేయండి. పెట్టుబడికి సంబంధించి ఎవరెవరికి ఎంత ముడుతోందో రాసిన ప్రకటన మీద మీరు సంతకం చేయాలి, అది మీ దరఖాస్తుతో పాటు వెళ్తుంది. చివరి రోజు వందల పేజీల మధ్య పెట్టి సంతకం చేయించుకునే అలవాటు కొందరికి ఉంది. ఆ కాగితం మొదటి వారంలోనే అడిగి తీసుకుని, మీ లాయరుకు పంపండి.

“మీ డబ్బుకు గ్యారంటీ, ఐదేళ్లలో వెనక్కి ఇచ్చేస్తాం” అని ఎవరైనా అంటే, ఆ మాట వల్లే మీ దరఖాస్తు పోవచ్చు. డబ్బు నిజంగా రిస్కులో ఉండాలన్నది ఈబీ-5 మూల నిబంధన. తిరిగి కొంటామని ముందే రాసిచ్చిన ఒప్పందం ఆ నిబంధనకు విరుద్ధం. “గ్రీన్ కార్డు ఖాయం” అనే మాట కూడా అంతే, ఇచ్చేది ప్రభుత్వం, ఏజెంటు కాదు.

తొందరపెట్టే మాటలూ వినిపిస్తాయి. రీజినల్ సెంటర్ కార్యక్రమానికి ఇప్పుడున్న గడువు 2027 సెప్టెంబరు 30. 2026 సెప్టెంబరు 30లోగా దాఖలైన దరఖాస్తులకు, తర్వాత కార్యక్రమం ఆగినా, పరిశీలన కొనసాగాలన్న రక్షణ చట్టంలో ఉంది. ఈ తేదీలు నిజమే. వాటిని చూపించి ప్రాజెక్టు కాగితాలు చదవనివ్వకుండా డబ్బు కట్టించుకునేవాళ్లు మాత్రం మీ మంచి కోరేవాళ్లు కారు. 2025 సెప్టెంబరులో ప్రకటించిన గోల్డ్ కార్డును దీనితో కలిపి చెప్పేవాళ్లూ ఉన్నారు. అక్కడ ఇచ్చే 10 లక్షల డాలర్లు ప్రభుత్వానికి కానుక, తిరిగి వచ్చే పెట్టుబడి కాదు. రెండూ వేర్వేరు.

ప్రాజెక్టును చూసే మనిషి

“యూఎస్‌సీఐఎస్ ఆమోదించిన రీజినల్ సెంటర్” అన్న మాటతో చాలామంది ధైర్యపడతారు. ఆ ఆమోదం ప్రాజెక్టు లాభాలకు హామీ కాదని ఆ సంస్థే చెబుతుంది. వర్మాంట్ రాష్ట్రంలో జే పీక్ అనే స్కీ రిసార్టు ప్రాజెక్టులు నడిచింది రాష్ట్ర ప్రభుత్వమే నిర్వహించిన రీజినల్ సెంటర్ కింద. 2016 ఏప్రిల్‌లో ఎస్ఈసీ కేసు పెట్టింది. 20 కోట్ల డాలర్లకు పైగా దారి మళ్లించారన్నది ఆరోపణ. న్యూపోర్ట్ పట్టణంలో కడతామన్న బయోటెక్ కేంద్రం అసలు కట్టనే లేదు. రిసార్టు యజమానికి 2022లో 5 ఏళ్ల జైలు శిక్ష పడింది. ప్రభుత్వ పేరు ఉన్నా పెట్టుబడిదారులకు నష్టం తప్పలేదు.

అందుకే ప్రాజెక్టు నుంచి పైసా తీసుకోని ఆర్థిక సలహాదారు ఒకరు కావాలి. బ్రోకర్ అయితే అమెరికా బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రా నడిపే బ్రోకర్‌చెక్ వెబ్‌సైటులో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అయితే ఎస్ఈసీ వెబ్‌సైటులో పేరు వెతకండి, రెండూ ఉచితమే. ప్రాజెక్టులో మొత్తం ఖర్చెంత, అందులో ఈబీ-5 డబ్బు ఎంత, బ్యాంకు అప్పు తీరాకే మన వంతు వస్తుందా, ఈబీ-5 డబ్బు పూర్తిగా రాకపోతే భవనం ఎలా పూర్తవుతుంది అన్నవి ఆయన చూసిపెట్టాలి. ప్రాజెక్టు కోసం రీజినల్ సెంటర్ వేసే ఐ-956ఎఫ్ దరఖాస్తుకు ఆమోదం వచ్చిందా, ఇంకా రసీదు మాత్రమే ఉందా అన్నది కూడా పెద్ద తేడా.

అమెరికా పన్నుల సలహాదారు విషయం చిన్నదే కానీ, ఇండియా నుంచి వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే కలవాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అమెరికా పన్ను రిటర్నులో చూపించాలి. మన మ్యూచువల్ ఫండ్లకు అమెరికాలో పీఎఫ్ఐసీ అనే కఠినమైన పన్ను పద్ధతి వర్తిస్తుంది. విదేశీ ఖాతాల మొత్తం 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు చెప్పే ఎఫ్‌బార్ అనే నివేదిక వేయాలి.

దాఖలు చేశాక

అందరూ కుదిరాక క్రమం ఇలా ఉంటుంది. డబ్బు మూలం ఫైలు సిద్ధం చేసి, ప్రాజెక్టు ఖాతాకో ఎస్క్రోకో (షరతులు తీరేదాకా మూడో పక్షం దగ్గర డబ్బు ఉంచే ఖాతా) డబ్బు పంపి, ఐ-526ఈ అనే పెట్టుబడిదారు దరఖాస్తు దాఖలు చేస్తారు. అమెరికాలో చట్టబద్ధంగా ఉన్నవాళ్లు, అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో తమ కేటగిరీకి సంఖ్యలు అందుబాటులో ఉంటే, అక్కడే ఉండి గ్రీన్ కార్డు అడిగే ఐ-485 కూడా దానితోపాటే వేయొచ్చు. గ్రామీణ ప్రాజెక్టులకు ఏటా వీసాల్లో 20 శాతం, నిరుద్యోగ ప్రాంతాలకు 10 శాతం, మౌలిక వసతులకు 2 శాతం విడిగా ఉంచారు. విడిగా ఉంచని వీసాలకు వరుస పొడవు కాబట్టి ఇండియాలో పుట్టినవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. బులెటిన్ నెలనెలా మారుతుంది కాబట్టి ఏజెంటు చూపించే పాత స్క్రీన్‌షాట్ పనికిరాదు. ఇండియాలో ఉన్నవాళ్లు ఆమోదం తర్వాత డీఎస్-260 అనే వీసా ఫారం నింపి, కాన్సులేట్ ఇంటర్వ్యూకు వెళ్తారు.

మొదట వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డు. ఆ రెండేళ్లు నిండే ముందు 90 రోజుల్లో ఐ-829 వేయాలి. ఇన్నేళ్లలో లాయర్ మారాల్సి వస్తే మారొచ్చు, కొత్త లాయర్ కొత్త జీ-28 వేస్తే సరిపోతుంది. మీ ఫైలు మొత్తం కాపీ మీ దగ్గరే ఉండాలని మొదటి ఒప్పందంలోనే రాయించుకోండి. రీజినల్ సెంటర్ గుర్తింపు రద్దయితే, నోటీసు వచ్చిన దగ్గర్నుంచి 180 రోజుల్లో మరో సెంటర్‌కో ప్రాజెక్టుకో మారే వీలు చట్టం ఇస్తుంది. ఆ నోటీసు పాత అపార్ట్‌మెంటుకు వెళ్లి పోకుండా, అమెరికాలో ఇల్లు మారిన 10 రోజుల్లోగా ఏఆర్-11 ఫారం ద్వారా యూఎస్‌సీఐఎస్ దగ్గర చిరునామా మార్చుకోవాలి.