పూల్ నీళ్ళు పచ్చబడితే వెంటనే క్లోరిన్ డబ్బా ఎత్తకండి

నిన్నటిదాకా అడుగున టైల్స్ లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్న నీళ్ళు పొద్దున్న చూస్తే పచ్చగా, కలకగా ఉంటాయి, చెయ్యి దానంతటదే క్లోరిన్ డబ్బా మీదికి పోతుంది. కాస్త ఆగండి. రంగు చూసి మందు వేసే అలవాటుతోనే నేను మొదట్లో బోలెడు డబ్బు తగలేశాను. టెస్ట్ కిట్‌లో క్లోరిన్ బిళ్ళ వేస్తే నీళ్ళు ఒక్క క్షణం గులాబీ రంగు తిరిగి మళ్ళీ మామూలుగా అయిపోయేవి, అయ్యో క్లోరిన్ అసలు లేదే అనుకుని ఇంకో మోతాదు పోసేవాణ్ణి. తీరా చూస్తే క్లోరిన్ మరీ ఎక్కువై, బిళ్ళలోని డీపీడీ అనే రసాయనం ఇచ్చే ఆ గులాబీ రంగునే మింగేస్తోంది! రంగు అలా మెరిసి మాయమైతే శాంపిల్‌కి నాలుగింతలు డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్ళీ చూడండి, వచ్చిన అంకెను 5తో గుణించండి.

శాంపిల్ పైపైన ముంచకూడదు. సీసా బోర్లించి మోచేతి లోతుకి దించి, అక్కడ తిప్పి నింపాలి, అదీ ఫిల్టర్ నీళ్ళు వచ్చి పడే చోటికి దూరంగా. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 లోపు, ఫ్రీ క్లోరిన్ (దేనితోనూ కలవకుండా పనికి సిద్ధంగా ఉన్న క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 1 నుంచి 3 భాగాలు, ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం) 80 నుంచి 120 పీపీఎం ఉంటే చాలావరకు టెన్షన్ లేదు. వీటిలో ముందు చూడాల్సింది పీహెచ్. అది 7.5 దగ్గర ఉంటే వేసిన క్లోరిన్‌లో దాదాపు సగం చురుకైన రూపంలో ఉంటుంది, 8కి చేరితే పావు వంతు కూడా ఉండదు. అంటే డబ్బా ఖాళీ అవుతుంది, పని మాత్రం జరగదు. పీహెచ్ ఎక్కువైతే యాసిడ్‌తో దించాలి, తక్కువైతే సోడా యాష్‌తో పెంచాలి. ఆల్కలినిటీ తక్కువగా ఉంటే పీహెచ్ ఒకచోట నిలవదు, దానికి వంటసోడా చాలు, 10,000 లీటర్లకు 170 గ్రాములు వేస్తే సుమారు 10 పీపీఎం పెరుగుతుంది.

ఇక పచ్చ నీళ్ళు. గోడని వేళ్ళతో రుద్ది చూడండి, జారుడుగా, పాకుడు పట్టినట్టు ఉంటే నాచే. పీహెచ్ 7.2కి దించి, గోడలూ మెట్లూ మూలలూ గట్టిగా బ్రష్ చేసి, ఎండ పోయాక షాక్ ఇవ్వండి, అంటే క్లోరిన్ ఒకేసారి పెద్ద మోతాదులో వేయండి, పగలు వేస్తే సగం ఎండే తినేస్తుంది. లెక్క పెద్ద కష్టం కాదు: 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటర్ల లోతు ఉంటే 75,000 లీటర్లు. 10 పీపీఎం పెంచాలంటే 750 గ్రాముల క్లోరిన్ కావాలి, అంటే 65 శాతం పౌడర్ అయితే కిలోంబావు లోపే. పంపు ఆపకండి. మర్నాడు నీళ్ళు తెల్లగా మబ్బు పట్టినట్టు అయితే కంగారు వద్దు, నాచు చచ్చిందని అర్థం. ఆ చచ్చిందంతా ఫిల్టర్‌లోకే పోతుంది కాబట్టి రోజూ ఫిల్టర్ మీది ప్రెషర్ గేజ్ చూసుకోండి, శుభ్రంగా ఉన్నప్పటి ప్రెషర్ కంటే 8, 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్ళు ఫిల్టర్‌లో వెనక్కి తిప్పి మురికి బయటికి పంపాలి. అప్పుడు పంపు ఆపకుండా వాల్వ్ తిప్పితే లోపలి గ్యాస్కెట్ పోతుంది, ఇది మాత్రం మర్చిపోవద్దు.

షాక్ ఇచ్చాక నీళ్ళు తేటగానే ఉండి పచ్చగానో టీ రంగులోనో మారాయా? అది నాచు కాదు, రాగో ఇనుమో. బోరు నీళ్ళు నింపిన పూల్స్‌లో ఇనుము మామూలే. ఇంకా క్లోరిన్ పోస్తే గోడలకు మరకలు పడతాయి, కాబట్టి మెటల్ పట్టే మందు వాడాలి. మరక మీద విటమిన్ సి బిళ్ళతో రుద్ది చూడండి, మరక పల్చబడితే అది దాదాపుగా ఇనుము మరకే.

నీళ్ళు ఊరికే మసకగా ఉంటే మందు కంటే ముందు ఫిల్టర్‌ని అనుమానించండి. పంపు రోజుకి రెండు గంటలే తిప్పి నీళ్ళు బాగాలేవంటే ఏం లాభం! అది సరిగ్గానే ఉంటే పీహెచ్ పెరిగి సున్నం తేలుతుందేమో చూడాలి. ఏదీ పనిచేయకపోతే పటిక వేసి, పంపు ఆపి, రాత్రంతా కదపకుండా వదిలేస్తే మడ్డి అడుక్కి దిగుతుంది, దాన్ని ఫిల్టర్‌లోకి పోనివ్వకుండా నేరుగా బయటికి వ్యాక్యూమ్ చేయాలి.

కళ్ళు మండి, ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు వ్యవహారం తిరగబడి ఉంటుంది. చెమట, మూత్రంతో కలిసిన క్లోరిన్ క్లోరమైన్లుగా మారితే వచ్చే వాసన అది. మొత్తం క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్ తీసేస్తే మిగిలేదే ఆ కలిసిపోయిన భాగం, దానికి పదింతలు క్లోరిన్ ఒకేసారి వేస్తేనే అది విరుగుతుంది.

ఒక్క విషయంలో మాత్రం సొంత తెలివి వద్దు: యాసిడ్‌నీ క్లోరిన్‌నీ, ఒక రకం క్లోరిన్‌తో ఇంకో రకాన్నీ ఒకే బకెట్‌లోగానీ ఒకే చెంచాతోగానీ కలపకండి, విషవాయువు రావచ్చు, మంట కూడా అంటుకోవచ్చు. మందుని నీళ్ళలో వేయాలి, మందు మీద నీళ్ళు పోయకూడదు.

షాక్ తర్వాత క్లోరిన్ మామూలు స్థాయికి దిగాలి, లోతు వైపు అడుగున డ్రెయిన్ జాలీ గట్టు మీంచి స్పష్టంగా కనపడాలి. అప్పటిదాకా ఎవర్నీ దిగనివ్వకండి, ఆ జాలీ కనపడని నీళ్ళలో మునిగిన పిల్లాడు కూడా కనపడడు.