సబ్‌వూఫర్ పెట్టెకి గాలి పోని అతుకులు వేయడం

కారులో సబ్‌వూఫర్ (బేస్ కోసం వాడే పెద్ద స్పీకరు, ముద్దుగా 'సబ్') కోసం కొత్తగా కట్టిన సీల్డ్ పెట్టెలో, అంటే ఎక్కడా గాలి పోని పెట్టెలో, బేస్ పలచగా వస్తున్నా, గట్టి బేస్ దెబ్బ పడినప్పుడు 'భుస్'మని చప్పుడొస్తున్నా ఆంప్లిఫయర్ గెయిన్ మీట తిప్పడం ఆపి ముందు అతుకులు చూడండి. చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది.

12 అంగుళాల సబ్‌కి 18 మి.మీ. ఎమ్‌డీఎఫ్‌తో (చెక్క నారని జిగురుతో నొక్కి చేసిన పలక) కడుతున్నామనుకుందాం. బయటి కొలత 400 × 350 × 300 మి.మీ. పెట్టుకుంటే లోపల 364 × 314 × 264 మిగులుతుంది. అంటే 30 లీటర్లు, ఒక ఘనపుటడుగుకి కాస్త ఎక్కువ. అందులో రెండు మూడు లీటర్లు సబ్ వెనక భాగమే తినేస్తుంది. మీ సబ్‌తో వచ్చిన కాగితంలో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. ముందూ వెనకా 400 × 350, పైనా కిందా 400 × 264, పక్కలకి 314 × 264, ఒక్కోటి రెండేసి ముక్కలు. కోత మాత్రం టేబుల్ రంపం మీదే వేయించండి. తెల్ల జిగురుకి సందులు పూడ్చే శక్తి లేదు. రెండు ముక్కల మధ్య విజిటింగ్ కార్డు దూరుతుందంటే ఆ అంచు మళ్ళీ కోయించాల్సిందే.

జిగురు సంగతి. ఫెవికాల్ మెరైన్ లాంటి నీటికి తట్టుకునే తెల్ల జిగురు తీసుకోండి. ఈ పెట్టెకి పావు కిలో డబ్బా మిగిలిపోతుంది. కార్పెట్ అతికించే రబ్బరు జిగురుతో పెట్టె అతుకులు వేసేవాళ్ళున్నారు, అది వద్దు. ఎండినా సాగుతూనే ఉంటుంది, ఒకసారి తాకించాక ముక్కని జరపడానికీ వీలుండదు. మెరైన్ రకం వాడినా స్క్రూలు తీసేయకండి. రోహిణి కార్తెలో అద్దాలెత్తి ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం బెజవాడలో వింతేమీ కాదు. తెల్ల జిగురు జాతి మొత్తం వేడికి ఎంతో కొంత మెత్తబడేదే. ఆ పూటకి అతుకు కదలకుండా కాసేది స్క్రూ.

8 నంబరు, 50 మి.మీ. చిప్‌బోర్డు స్క్రూలు సరిపోతాయి. ఫాల్స్ సీలింగ్‌కి వాడే నల్ల స్క్రూలు పెళుసు, తల విరిగి లోపల ఉండిపోతాయి. స్క్రూకీ స్క్రూకీ మధ్య 120 మి.మీ. అటూ ఇటూగా, మూల నుంచి 40 మి.మీ. వదిలి గుర్తు పెట్టుకోండి. ఇక్కడ రెండు రంధ్రాలు వేయాలి. పై ముక్కలో 4.5 మి.మీ., కింది ముక్క అంచులో 3 మి.మీ. రెండింటికీ ఒకే బిట్టు వాడితే స్క్రూ మర పై ముక్కనీ పట్టుకుంటుంది. మీరెంత బిగించినా రెండు ముక్కలూ దగ్గరికి రావు, మధ్యలో వెంట్రుకంత సందు అలాగే నిలిచిపోతుంది. ఇంకో చిక్కు చేత్తో తడిమితే తెలుస్తుంది: రంధ్రం చుట్టూ ఎమ్‌డీఎఫ్ చిన్న గుబ్బలా పైకి లేస్తుంది. పెద్ద బిట్టుతో ఆ మూతిని రెండు ముక్కల మీదా అర మి.మీ. లోతున చెక్కేయాలి. లేకపోతే ఆ గుబ్బల మీదే ముక్క ఆనుకుని, మిగతా అంచంతా గాలిలో తేలుతుంది. 3 మి.మీ. రంధ్రం స్క్రూ కొన కంటే 5 మి.మీ. లోతుగా దిగాలి, లేదంటే అంచు పొరలుగా చీలుతుంది.

జిగురు పెట్టకముందే పెట్టె మొత్తం ఒకసారి స్క్రూలతో బిగించి చూడండి. ఏ ముక్కకి ఏది ఎదురో పెన్సిల్‌తో అంకెలు వేసుకుని విప్పేయండి.

ఎమ్‌డీఎఫ్ పై ముఖం నున్నగా, గట్టిగా ఉంటుంది. కోసిన అంచు మాత్రం జిగురుని తాగేస్తుంది. ఒకే పూత వేసి బిగిస్తే జిగురంతా లోపలికి ఇంకిపోయి అతుకులో ఏమీ మిగలదు. మీద స్క్రూ ఉంటుంది కాబట్టి ఆ లోటు వెంటనే బయటపడదు, పెట్టె నెల రోజులు బాగానే మోగి తర్వాత కిర్రుమంటుంది. అందుకని అంచుకి ముందు పలచటి పూత వేసి అయిదు నిమిషాలు ఆగండి, తర్వాత రెండో పూత నిండుగా. ఎదుటి ముఖానికి ఒక పలచటి పొర చాలు. వేసవిలో ఫ్యాను కింద ఈ పని వద్దు, పైన పొర కట్టేస్తే ఆ జిగురు ఇక పట్టదు.

ముందు పైనా కిందా పక్కల నాలుగు ముక్కల్నీ చట్రంగా కలపండి. మూల నుంచి మూలకి టేపు పెడితే రెండు వైపులా 531 మి.మీ. దగ్గర రావాలి. రెండింటికీ తేడా ఉంటే పొడుగున్న వైపు నొక్కి సరిచేసి, తడి ఆరకముందే వెనక పలక బిగించేయండి. అతుకు పొడుగునా సన్నటి పూసల్లా జిగురు బయటికి రావాలి. ఎక్కడ పూసలు కనబడవో అక్కడ జిగురు చాలలేదన్నమాట. క్లాంపులుంటే మంచిదే, కానీ జిగురంతా కారిపోయేలా నులిమెయ్యకండి. ఒక రోజు వదిలేయండి. వానాకాలం ఉక్కలో రెండు రోజులైనా నష్టం లేదు.

ముందు పలక ఎక్కించకముందు, చెయ్యి సులువుగా పడుతున్నప్పుడే, లోపలి మూలలన్నిటికీ జిగురులో సన్నటి రంపపు పొట్టు కలిపిన ముద్దని వేలితో రాసేయండి. ముందు పలక అతుక్కి మాత్రం సబ్ కోసం కోసిన రంధ్రంలోంచి చెయ్యి పెట్టి రాయాలి. సిలికాన్ వాడతామంటే పుల్లటి వాసన రాని న్యూట్రల్ రకం తీసుకోండి. పుల్లటి వాసన వేసే రకం ఆరేటప్పుడు వదిలే ఆమ్లపు ఆవిరి లోహానికి మంచిది కాదు. ఏ రకమైనా పూర్తిగా ఆరాకే సబ్ ఎక్కించాలి.

పరీక్షకి రాత్రిపూట పెట్టె లోపల టార్చి వెలిగించి, రంధ్రాన్ని దళసరి గుడ్డతో మూసి, చీకట్లో అతుకులు చూడండి. సబ్ బిగించాక ఇంకోటి: సన్నగా పాట పెట్టి అతుకు వెంబడి వెలిగించిన అగరుబత్తి నడిపించండి. పొగ వణికిన చోట గాలి పోతోందని అర్థం. అతుకులన్నీ బాగుండి ఇంకా చప్పుడొస్తుంటే టెర్మినల్ కప్పు (పెట్టెకి వైర్లు తగిలించే ప్లాస్టిక్ గిన్నె) అంచు చూడండి, అక్కడ సీలు వేయడం చాలామంది మరిచిపోతారు. సబ్ అంచు కింద ఫోమ్ గాస్కెట్ (గాలి పోకుండా ఆపే మెత్తటి పట్టీ) వేసి, స్క్రూలు వరసగా కాకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.