ఎంఎస్‌లో నడక, బ్యాలెన్స్ అంచనా – 3వ పాఠం: 25 అడుగుల నడక

పోయిన పాఠంలో కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చునే పరీక్ష నేర్చుకున్నాం. ఈసారి 25 అడుగుల నడక. ఎంఎస్, అంటే మెదడు, వెన్నుపాముల్లోని నాడుల పొరను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఎక్కువగా వాడే పరీక్ష ఇదే. చూడడానికి చాలా తేలిక, అందుకే కొలతలో అజాగ్రత్త కూడా ఎక్కువ.

నేల మీద 7 మీటర్ల 62 సెంటీమీటర్లు కొలిచి, రెండు చివర్లా రంగు టేపు అంటించండి. చివరి గీత దాటాక కనీసం 2 మీటర్లు ఖాళీ ఉండాలి. ఎదురుగా గోడ కనిపిస్తే ఎవరైనా రెండడుగుల ముందే వేగం తగ్గిస్తారు. అప్పుడు మీరు కొలిచేది నడకను కాదు, గోడ దగ్గర ఆగడాన్ని.

కాలివేళ్లు గీతకు ఆనించి నిలబడమని, ఇలా చెప్పండి: "మీకు వీలైనంత త్వరగా, కానీ పడిపోకుండా నడవండి. ఆ గీత దాటేదాకా వేగం తగ్గించకండి." మీరు "నడవండి" అన్నప్పుడు కాదు, ముందు పాదం లేచి గీత దాటినప్పుడు వాచీ నొక్కాలి. ముందు పాదం చివరి గీత దాటగానే ఆపాలి. బలహీనంగా ఉన్న కాలి వైపు, అరడుగు వెనకగా మీరూ నడవండి. ముందు నడిస్తే వాళ్లు మీ వేగాన్ని అందుకోవాలని చూస్తారు. వెంటనే వాళ్లను ఇటు తిప్పి, అదే దారిలో మొదటి గీత దాకా నడిపించి, రెండు సమయాల సగటు రాయండి. 180 సెకన్లలో పూర్తి కాకపోతే అంకె వేయకుండా, కారణంతో సహా "పూర్తి కాలేదు" అని రాయండి.

చేతికర్ర, వాకర్, పాదం ముందు భాగం కిందికి వాలకుండా పెట్టే స్ప్లింటు వాడేవాళ్లు వాటితోనే నడవాలి. ఏది వాడారో తప్పకుండా రాసిపెట్టండి.

పోయినసారి కొలిచినదానికీ ఈసారికీ 20 శాతం తేడా వస్తే దాన్ని నిజమైన మార్పుగా లెక్కిస్తారు. 6 సెకన్లు పట్టే మనిషికి అది 1.2 సెకన్లే. దానికి కొత్త జబ్బే అక్కర్లేదు. ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నాడుల్లో సంకేతాలు మందగిస్తాయి, దీన్నే ఉథాఫ్ లక్షణం అంటారు. అలసట కూడా మధ్యాహ్నానికి చాలామందిలో పెరుగుతుంది. ఉదయం 10 గంటలకు ఒకసారి, సాయంత్రం 4 గంటలకు ఇంకోసారి కొలిచి "జబ్బు ముదిరింది" అనేయడం పేషెంటుకు అన్యాయం. సమయం, గది వేడి, చెప్పులు, అంతకుముందు చేసిన పరీక్షలు అన్నీ అంకె పక్కనే ఉండాలి. ఆరు నిమిషాల నడక కూడా అదే రోజు ఉంటే, ఈ 25 అడుగుల నడకే ముందు చేయండి.

నడుస్తున్నప్పుడు చెవి కూడా పెట్టండి. ఒక అడుగు "టప్", ఇంకో అడుగు "స్స్‌టప్" అని వినిపిస్తే, ఆ పాదం ముందు భాగం నేలకు రాసుకుంటోందని అర్థం. ఇది మొదటి నడకలో లేకుండా రెండోదానిలో మొదలైతే, అలసటతో పాదం ముందు భాగం కిందికి వాలుతోందన్నమాట. కాళ్లు ఎడంగా వేస్తూ, అడుగులు ఒక్కోటి ఒక్కోలా పడుతుంటే సెరిబెల్లం (బ్యాలెన్స్ చూసుకునే మెదడు భాగం) వైపు ఆలోచించాలి. మోకాలు వెనక్కి విరిగినట్టు వంగడం వేరే సంగతి, దాన్ని బలం పరీక్షతో కలిపి చూడాలి.

సాధన: ఆరోగ్యంగా ఉన్న ముగ్గురిని రెండుసార్లు చొప్పున నడిపించి, మీరూ మీ జోడీ విడివిడి వాచీలతో కొలవండి. ఇద్దరి అంకెల మధ్య 0.3 సెకన్లకు మించి తేడా ఉంటే, పాదం గీత దాటే క్షణాన్ని ఇద్దరూ ఒకేలా చూడటం లేదు. అది సరిపడేదాకా పేషెంటును కొలవకండి.

నాలుగో పాఠంలో గట్టి నేల, స్పాంజి మీద, కళ్లు తెరిచీ మూసీ 30 సెకన్ల చొప్పున నిలబెట్టే పరీక్ష.