హెచ్‌ఎండీఏ పరిధిలో భూ వినియోగ ధ్రువపత్రం, జోన్ మార్పు: దరఖాస్తు విధానం

హైదరాబాద్ శివార్లలో స్థలం అమ్మేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "నాలా అయిపోయింది సార్, ఇక మీ ఇష్టం, ఏదైనా కట్టుకోవచ్చు." ఇందులో మొదటి సగం నిజం కావచ్చు, రెండో సగాన్ని నమ్మడానికి లేదు. నాలా అంటే సాగు భూమిని సాగేతర అవసరాలకు మార్చుకోవడం. 2006 నాటి చట్టం ప్రకారం రెవెన్యూ శాఖ చేసే పని అది. ఇప్పుడు భూభారతి పోర్టల్ ద్వారా జరుగుతోంది. దానితో రెవెన్యూ రికార్డు మారుతుంది కానీ మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమికి వేసిన రంగు, అంటే ఏ వాడకానికి కేటాయించారో చెప్పే జోన్, మారదు. ఇంటికైనా లేఅవుట్‌కైనా అనుమతి ఇచ్చేటప్పుడు అధికారులు చూసేది ఆ రంగునే. నాలా ప్రొసీడింగ్స్ చేతిలో ఉన్నా, భూమి కన్జర్వేషన్ జోన్‌లో (సాగు లాంటి వాడకాలకు కేటాయించినది) ఉంటే లేఅవుట్ ఫైలు ముందుకు కదలదు.

అందుకే ముందు జోన్ ఏమిటో తేల్చుకోవాలి. 2008లో హుడా, సైబరాబాద్, విమానాశ్రయ, బుద్ధపూర్ణిమ అథారిటీలను కలిపి హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఏర్పాటు చేశారు. కానీ ఆయా ప్రాంతాల పాత ప్లాన్లు అలాగే కొనసాగాయి. నగరం నడిబొడ్డుకు ఒకటి, విమానాశ్రయం చుట్టూ మరొకటి, ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ కిలోమీటరు దాకా గ్రోత్ కారిడార్ నిబంధనలు. బయటి గ్రామాలకు 2013 జనవరిలో నోటిఫై చేసిన మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్-2031 వర్తిస్తుంది. పక్క ఊళ్లో బంధువుకి వచ్చిన అనుమతి మీ సర్వే నంబరుకు కూడా వస్తుందని అనుకోకండి.

2031 ప్లాన్‌లో రెసిడెన్షియల్ జోన్‌నే నాలుగు రకాలు చేశారు. గ్రోత్ కారిడార్‌కు ఆనుకుని ఉన్న పట్టణ ప్రాంతాలు ఒకటో రకం, పల్లె ఆవాసాలు నాలుగో రకం. ఇవి కాక పెరి-అర్బన్, కమర్షియల్, మల్టిపుల్ యూజ్, మాన్యుఫ్యాక్చరింగ్, పబ్లిక్-సెమీ పబ్లిక్, రిక్రియేషన్, కన్జర్వేషన్ జోన్లున్నాయి. ప్రతి జోన్‌కూ అనుమతించే వాడకాలేవో, నిషేధించేవేవో నిబంధనల్లో రాసి ఉంటుంది. రెసిడెన్షియల్ అన్నంత మాత్రాన ఇళ్లే ఉండాలని కాదు. వీధి అవసరాలకు సరిపడే దుకాణాలు, క్లినిక్, బడి లాంటివి షరతులతో వస్తాయి. ఆ షరతుల్లో రోడ్డు వెడల్పుదే పెద్ద పీట. కన్జర్వేషన్‌లో సాగు, తోటలు, పాడి, కోళ్ల ఫారాలు నడుస్తాయి. గుంట చొప్పున, అంటే 121 గజాల ముక్కలుగా అమ్మే 'ఫామ్ ప్లాట్లు' ఎక్కువగా ఇలాంటి భూముల్లోనే కనిపిస్తాయి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కట్టుకునే హక్కు రాదు.

జోన్‌తో పాటు భవనం వాడకం కూడా చూస్తారు. ఇంటికని ప్లాన్ పాస్ చేయించుకుని హాస్టల్ నడిపితే, జోన్ సరైనదే అయినా అది ఉల్లంఘనే. మున్సిపాలిటీ కమర్షియల్ రేటున ఆస్తి పన్ను వసూలు చేసినా, వాడకానికి అనుమతి ఇచ్చినట్టు కాదు.

ఇక భూ వినియోగ ధ్రువపత్రం, అంటే మీ భూమి ఏ జోన్‌లో ఉందో హెచ్‌ఎండీఏ రాసిచ్చే కాగితం సంగతి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబర్లు, విస్తీర్ణం నింపి, పాస్‌బుక్ లేదా సేల్ డీడ్, గ్రామ నక్షా, స్థలాన్ని గుర్తించిన లొకేషన్ స్కెచ్ జత చేసి ఫీజు కట్టాలి. అసలు జాగ్రత్త స్కెచ్ దగ్గరే. జోన్ గీత సర్వే నంబరు హద్దును పట్టించుకోకుండా మధ్యలోంచి పోవచ్చు. నాలుగు ఎకరాల్లో మూడు రెసిడెన్షియల్, ఒకటి కన్జర్వేషన్ కావచ్చు. మీరు కొంటున్న ముక్క ఎటువైపు పడుతుందో తేలాలంటే సబ్ డివిజన్ నంబరు, సర్వేయర్‌తో తీయించిన కోఆర్డినేట్లు ఉండాలి. ఉత్త సర్వే నంబరు ఇస్తే 'పాక్షికంగా' అని రాసి ఇస్తారు, దానివల్ల ఒరిగేది తక్కువ. ప్రతిపాదిత రోడ్డు ఏదైనా భూమి మీదుగా పోతోందా, చెరువు పక్కనుందా అనేది కూడా అప్పుడే చూసుకోండి. 2012 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. జోన్ ఏదైనా ఈ లెక్క మారదు. అడ్వాన్స్ ఇచ్చాక కాదు, ఇవ్వకముందే ఈ పత్రం తీయించమని అమ్మేవాళ్లనే అడగండి. వాళ్లు నసిగితే అదే మీకు జవాబు.

జోన్ మార్చుకోవాలంటే వేరే దరఖాస్తు, వేరే ప్రయాణం. యాజమాన్య పత్రాలు, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), టోపో సర్వే (స్థలం ఎత్తుపల్లాల కొలత), అప్రోచ్ రోడ్డు వివరాలతో హెచ్‌ఎండీఏకు దరఖాస్తు చేస్తే, సిబ్బంది స్థలం చూసి చుట్టుపక్కల వాడకాలతో సాంకేతిక నివేదిక తయారు చేస్తారు. కానీ నిర్ణయం అక్కడ జరగదు. మాస్టర్ ప్లాన్‌ను సవరించే అధికారం ప్రభుత్వానిది కాబట్టి, ఫైలు పురపాలక శాఖకు వెళుతుంది. ప్రభుత్వం సరేనంటే ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు 15 రోజులు గడువు పెడుతుంది. కన్వర్షన్ ఛార్జీలు, ప్రకటన ఖర్చు దరఖాస్తుదారే భరించాలి, కట్టకపోతే ప్రతిపాదన వెనక్కి పోతుంది. అభ్యంతరాలు పరిశీలించాకే తుది జీవో వస్తుంది. ముసాయిదా కాగితం చూపించి ప్లాట్లు అమ్మేవాళ్లుంటారు. దాని మీద డబ్బు పెట్టకండి.

తుది జీవోలోని షరతులు ఓపిగ్గా చదవాలి. మాస్టర్ ప్లాన్ రోడ్డులో పోయే భాగాన్ని హెచ్‌ఎండీఏకు ఉచితంగా అప్పగించాలని ఉంటుంది. ఈ మార్పు యాజమాన్య హక్కుకు రుజువు కాదని కూడా రాస్తారు. పని మొదలుపెట్టే ముందు అనుమతి తీసుకోవాలనేది మరో షరతు. అంటే జీవో వచ్చాక లేఅవుట్ లేదా బిల్డింగ్ పర్మిషన్ కోసం మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టుకోవాలి. నాలా ఇంకా చేయించకపోతే అదీ పూర్తిచేసి, ఆ కాగితాన్ని జీవో కాపీతో పాటు ఈ కొత్త దరఖాస్తుకు జత చేయండి.