బొగ్గంతా ఒకే చెట్టుదా? ముందు సంచి మీది చీటీ చదవండి

సమస్య: వందలో ఎనభై ముక్కలు ఒకే చెట్టువి

నా దగ్గరికి ఎక్కువగా వచ్చే తలనొప్పి ఇదే. పురావస్తు తవ్వకంలో దొరికిన కట్టెబొగ్గును, ఏ చెట్టుదో తెలుసుకోవడానికి మైక్రోస్కోప్ కింద పెడతారు, దాదాపు అంతా ఓక్ చెట్టుదే. వెంటనే "అప్పట్లో ఇక్కడ ఓక్ అడవి ఉండేది" అని రిపోర్టు రాసేస్తారు. ఆగండి. సంచి మీది చీటీలో ఏముంది? పొయ్యి అని ఉంటే మీరు చూస్తున్నది అడవిని కాదు, ఆ పొయ్యిలో చివరిసారి కాలిన కట్టెల్ని. అంతకుముందు కాలినవి ఊడ్చి ఎక్కడో పారబోసే ఉంటారు. అడవి సంగతి తెలియాలంటే ఆ పారబోసిన చోటికే వెళ్లాలి: నేల పొరల్లో చెదిరిన బొగ్గు, చెత్త గుంతల్లో ఏళ్ల తరబడి పేరుకున్న బొగ్గు. ఫ్రాన్స్‌లో పురావస్తు బొగ్గు నిపుణురాలు లూసీ షబాల్ 1990లలోనే ఈ తేడాను గట్టిగా చెప్పారు. చీటీ చదవడం రెండు నిమిషాల పని, అయినా చదవరు.

సరే, చీటీలో చెదిరిన బొగ్గనే ఉంది, అయినా అంతా ఒకే చెట్టు. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఓ ఇంటి నేల పొర నుంచి తీసిన సంచి అది. మూడు వందలకు పైగా ముక్కలు, దాదాపు అన్నీ ఓక్. వంటచెరకుకు ఓక్‌నే ఏరి తెచ్చుకునేవాళ్లని రాసి పంపేశాను. తర్వాత తవ్వకం డ్రాయింగు చూస్తే, శాంపిల్ తీసిన చోటుకు పక్కనే కాలిన రాట గుంత! మంటల్లో కూలిన ఒక్క రాట ముక్కలై నేలంతా పరుచుకుంది. నేను మూడు వందల సార్లు లెక్కపెట్టింది దాన్నే.

పట్టుకోవడం ఎలా? అడ్డంగా విరిచిన ముఖంలో, ఏటా ఒకటి చొప్పున పెరిగే వలయాల వంపు చూడండి. సన్న కొమ్మలో వలయాలు బాగా వంగి ఉంటాయి, కిరణాలు (నడిమి నుంచి బెరడు వైపు సాగే కణాల గీతలు) మధ్యకు దగ్గరపడతాయి. పెద్ద మానులో వలయాలు దాదాపు తిన్నగా కనిపిస్తాయి. వంటచెరకులో సాధారణంగా పుల్లా, కొమ్మా, మానూ అన్నీ కలిసి ఉంటాయి. పుల్ల ఒక్కటీ లేకుండా అన్నీ తిన్నటి వలయాలే అయితే, పైగా నాళాల్లో చేవకు గుర్తయిన టైలోసిస్ (నాళాలను మూసేసే బుడగల్లాంటి పెరుగుదలలు) నిండి ఉంటే, అది రాటో దూలమో అని అనుమానించండి. బూజు పోగులు కనిపిస్తే రాలిపడిన ఎండుకట్టె అంటారు. నిజమే, కానీ నేలలో పాతిన రాట మొదలు కూడా కుళ్లుతుంది. ఆ ఒక్క గుర్తునే నమ్ముకోకండి.

పరిష్కారం: ఆ సంచిని "కలప" అని విడిగా రాయండి, పారేయొద్దు. ఇంటికి ఏ చెట్టు వాడారో చెప్పేది అదే. అడవి లెక్కకు వేర్వేరు చోట్ల నుంచి శాంపిళ్లు తీయండి. సమశీతోష్ణ ప్రాంతాల్లో పొరకు 250–400 ముక్కలు మామూలుగా చాలు, చెట్ల రకాలు ఎక్కువుండే ఉష్ణమండలంలో ఇంకా కావాలి. ఎన్ని ముక్కలు చూస్తే ఎన్ని రకాలు దొరికాయో, కొత్త రకాలు రావడం తగ్గేదాకా గ్రాఫు గీస్తూ పోండి. ముక్కల సంఖ్యతో పాటు ఆ చెట్టు ఎన్ని శాంపిళ్లలో వచ్చిందో కూడా రాయండి. ఒక మూల కూలిన రాట వెయ్యి ముక్కలైనా ఒకటి రెండు శాంపిళ్లు దాటదు.

సమస్య: రేడియోకార్బన్ తేదీ (బొగ్గులోని కార్బన్‌ను బట్టి ల్యాబ్ లెక్కగట్టే వయసు) మరీ పాతగా వచ్చింది

చేవ ముక్కను పంపారు. చెట్టు నరికిన ఏడాది కాదు, ఆ వలయం పెరిగిన ఏడాదే లెక్కలోకి వస్తుంది. 300 ఏళ్ల మాను నడిమి ముక్క తేదీని దాదాపు 300 ఏళ్లు వెనక్కి లాగేస్తుంది. సన్న పుల్లనో, కాలిన గింజనో, బెరడు కింది చివరి వలయాన్నో పంపండి. ఏ చెట్టో ముందే చూసుకోండి, ల్యాబ్‌కు వెళ్లిన ముక్క తిరిగి రాదు.

సమస్య: ఏ చెట్టో తెలియడం లేదు

పాత అంచునే చూస్తున్నారు. బ్లేడుతో కోస్తే కణాల గోడలు నలుగుతాయి. గాటు పెట్టి విరవండి: అడ్డంగా ఒకసారి, నిలువుగా కిరణాల వెంట ఒకసారి, కిరణాలకు అడ్డంగా ఇంకోసారి. గాజులా కరిగి మెరుస్తుంటే "గుర్తించలేనిది" అని వదిలేయండి. ఎక్కువ వేడికే అలా అయిందని మాత్రం రాయకండి, ప్రయోగాల్లో వేడి ఒక్కదానితో అలా రాలేదు.

సమస్య: అంతా పొడైపోయింది

నీళ్లలో తేల్చి తీసిన బొగ్గును ఎండలో పెట్టారు. నీడలో, మెల్లగా ఆరనివ్వాలి.

ఇక ఆ ప్రాంతంలో పెరగని చెట్టు కనిపించిందా? నదిలో కొట్టుకొచ్చిన దుంగ కావచ్చు, దూరం నుంచి తెచ్చిన వస్తువు కావచ్చు. నేను చూసినవాటిలో చాలావరకు గుర్తింపు పొరపాట్లే. రిఫరెన్స్ ముక్క (ఏ చెట్టుదో ముందే తెలిసిన బొగ్గు) పక్కన పెట్టి మళ్లీ చూడండి.