కబుకి నటుల బొమ్మలో ఉన్నదెవరో కనిపెట్టడం ఎలా?

కబుకి అంటే జపాన్ సంప్రదాయ నాటకం, దాని నటుల బొమ్మలను చెక్క అచ్చులతో ముద్రించేవారు. అలాంటి బొమ్మ దొరికితే ముందు ముఖం జోలికి వెళ్లకండి. భుజాలూ చేతుల పైభాగమూ చూడండి, గుడ్డ మీద నటుడి వంశచిహ్నం కనబడొచ్చు. దాన్ని ‘మోన్’ అంటారు. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చదరాలుంటే ఇచికావా దంజూరో కుటుంబం. అవి బియ్యం కొలిచే పెట్టెలు. మూడు విసనకర్రలుంటే ఇవాయ్ హన్‌షిరో కుటుంబం.

సరే, దంజూరోయే. కానీ ఏ దంజూరో? ఆ పేరు తరతరాలుగా వస్తున్నది, చిహ్నం శిష్యులూ వాడుకుంటారు. ఇక్కడ పనికొచ్చేది బొమ్మ అంచున ఉండే సెన్సార్ ముద్ర. గుండ్రటి ‘కివామె’ (పరిశీలించామని అర్థం) ముద్ర ఒక్కటే ఉంటే 1790 తర్వాతది, 1842కి ముందుది. అధికారుల పేర్ల ముద్రలు రెండుంటే 1847-52 నాటిది కావచ్చు. అక్కడ ఏళ్లకు పన్నెండు జంతువుల పేర్లు వంతులవారీగా వస్తాయి. 1852 నుంచి ఆ ఏడాది జంతువు పేరుతో తేదీ ముద్ర కూడా పడింది, ఎలుక అంటే 1852, పులి అంటే 1854. నాకైతే మొత్తం బొమ్మలో ఇదే ఇష్టమైన చోటు. ఏడో దంజూరో 1832లో ఆ పేరును కొడుక్కి ఇచ్చేశాడు. కాబట్టి మూడు చదరాల పక్కన పులి ముద్ర ఉంటే ముందుగా అనుమానించాల్సింది ఎనిమిదో ఆయన్నే. లేతనీలం బట్టలు, చేతిలో జపమాల ఉన్నాయా? అయితే అది ‘షిని-ఎ’, నటుడు పోయాక వేసిన స్మారక చిత్రం. ఆయన 1854లో ఒసాకాలో ఆత్మహత్య చేసుకున్నాడు, అలాంటి బొమ్మలు బోలెడు అచ్చయ్యాయి.

పక్కన రాసిన పేరును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. చాలాసార్లు అది పాత్ర పేరు. 1842లో ప్రభుత్వం నటుల బొమ్మలను నిషేధించింది. ఆ తర్వాత మెల్లగా మళ్లీ వేసినా చాలాకాలం నటుడి పేరు రాయలేదు. చిత్రకారుడు కునిసదా 1852లో తొకైదో అనే రహదారి మజిలీల పేరుతో నటుల బొమ్మల వరుసను అలాగే వేశాడు, కొనేవాళ్లు ముఖం చూసే పోల్చుకునేవారు.

ఇప్పుడు ముఖానికి రండి. ఎర్రటి గీతలుంటే వీరుడు, నీలివైతే విలన్ లేదా దెయ్యం. ఆడవేషంలో నుదుటి పైన ఊదారంగు గుడ్డ ముక్క కనిపిస్తే అది నటుడి బొమ్మేనని తేలినట్టే, ఆ గుడ్డ మగనటుడు గొరిగించుకున్న చోటును కప్పేది. 1629లో ఆడవాళ్లను వేదికెక్కనివ్వకుండా చేశాక ఆ వేషాలు మగవాళ్లవే అయ్యాయి.

షరాకు బొమ్మలతో మొదలుపెట్టమని చాలామంది అంటారు, నేననను. 1794-95లో పది నెలలు వేసి మాయమైన మనిషి, గొప్పవాడే. కానీ చూపు అలవాటు చేసుకోవడానికి వేలకొద్దీ బొమ్మలు వేసిన కునిసదాయే మేలు.

చిహ్నం, ఏడాది, పాత్ర దొరికాక తోక్యోలోని వసెదా విశ్వవిద్యాలయ నాటక మ్యూజియం ఆన్‌లైన్ సేకరణలో వెతకండి. పేరు జపనీస్ లిపిలో టైప్ చేస్తే ఫలితాలు బాగా వస్తాయి.